సన్నని వంటింటిని సరిచేసుకోవడం



ఈ పూట మనం మాట్లాడుకునేది వంట గురించి కాదు, వంట చేసే చోటు గురించి. అందులోనూ ఒక రకం వంటింటి గురించి. పొడవు 12 అడుగులో 14 అడుగులో ఉంటుంది, వెడల్పు 6 అడుగులు దాటదు. ఒక కొసన నడవలోకి వాకిలి, రెండో కొసన పెరట్లోకి వాకిలి, నడుమ దారి. ఓడల్లోనూ, రైళ్ళలోనూ వంటగది ఇట్లాగే ఉంటుంది. ఇంగ్లీషులో దీన్ని గ్యాలీ కిచెన్ అంటారు, అది ఓడ వంటగదికి ఉన్న పేరే. మా వీధిలో ఇళ్ళు కట్టే బేల్దారి మేస్త్రి మాత్రం 'సందు వంటిల్లు' అంటాడు. నాకు ఆ మాటే బాగుంది.

బళ్ళారిలో బ్రూస్‌పేట, కౌల్ బజారు వైపు పాత వీధుల్లో ఇట్లాంటి వంటిళ్ళు చాలా కనిపిస్తాయి. ఇందుకు రెండు కారణాలు. ఒకటి, ఇల్లు ఇల్లు ఆనుకుని కట్టిన వీధులు. వీధి వైపు ముఖం చిన్నది, లోపలికి పోయేకొద్దీ ఇల్లు పొడవు. రెండోది భాగాలు పంచుకోవడం. తాత కట్టిన మిద్దెలో వంటిల్లు 13 అడుగుల చదరం ఉండేది. కొడుకులిద్దరూ వేరుపడ్డారు. నట్టనడుమ గోడ లేచింది. చెరి ఆరడుగులు వచ్చింది, మిగిలిన అడుగు గోడకు పోయింది. పెద్దమనుషులు కూర్చుని నడవను, పెరడును, బావిని న్యాయంగానే పంచి ఉంటారు. ఆ వంటింట్లో రోజుకు ఆరేడు గంటలు నిలబడే మనిషిని పిలిచి అడిగి ఉండరు. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఇప్పుడు ఆ వంటింటిని తిరిగి కట్టుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, ఈసారైనా అడుగుతారని చెబుతున్నాను.

తిరిగి కట్టే ముందు పాత వంటింట్లో ఏం మంచి ఉండేదో ఒకసారి గుర్తుచేసుకుందాం. రాతి గోడలు, ఒకటిన్నర రెండడుగుల మందం. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన చౌడు మన్ను పరిచిన మిద్దె. మందపు గోడ కాబట్టి అందులోనే గూళ్ళు. ఉప్పు జాడీ, చింతపండు కుండ, దీపం, దేవుడి పటం అన్నీ గూళ్ళలోనే ఒదిగిపోయేవి. అలమరా కోసం గదిలో ఒక్క అంగుళం కూడా పోయేది కాదు. మూలన జలదారి, అక్కడే బోకులు తోముకోవడం. అన్నిటికంటే ముఖ్యమైంది పొయ్యికి నెత్తిన మిద్దెలో ఉండే గవాచి. కన్నడంలో దీన్నే బెళకిండి అంటారు, అంటే వెలుతురు కిటికీ. వానొస్తే మిద్దెక్కి బండో మూకుడో మూసేవాళ్ళు, వాన వెలిసాక తీసేవాళ్ళు. అందులోంచి వెలుతురు దిగేది, పొగ ఎక్కిపోయేది. వేడిగాలి పైకి పోతుందని మేము బడిలో పాఠం చెబుతాం. మన అవ్వలు ఆ పాఠం చదవకుండానే దాన్ని నెత్తిన పెట్టుకుని వంట చేశారు.

ఇప్పుడు మిద్దె తీసి సిమెంటు స్లాబు వేస్తున్నారు. మంచిదే, కారదు, మట్టి రాలదు. కానీ స్లాబుతో పాటు గవాచి కూడా మూసుకుపోతోంది. రెండు పక్కలా పక్కవాళ్ళ గోడలు, కిటికీ పెట్టడానికి వీలుండదు. నడవలో వెలుతురు లేదు. పట్టపగలు 11 గంటలకు లైటు వేసుకుని వంట చేసే ఇళ్ళు మా వీధిలోనే నాలుగైదు ఉన్నాయి. ఎండాకాలం ఎండ 40 డిగ్రీలు దాటే ఊరిలో, గాలి పోని గదిలో, గ్యాసు పొయ్యి ముందు నిలబడడం ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

అయితే వంటిల్లు సన్నగా ఉండడమే లోపమని అనుకోకండి. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ళ కోసం ఒక వంటిల్లు తయారైంది. గీసినావిడ మార్గరెటె షూటె-లిహోట్స్కి, వియన్నాలో పుట్టిన ఆర్కిటెక్టు. రైలు భోజనపు బోగీలో అంత చిన్న వంటగదిలో అంతమందికి వంట ఎట్లా సాగుతోందో ఆమె గమనించింది. వాచీ పట్టుకుని ఒక్కో పనికి ఎన్ని అడుగులు నడవాలో, ఎంత సేపు పడుతుందో లెక్క వేసింది. ఆ లెక్కతో కట్టిన వంటిల్లు సుమారు 6 అడుగుల 2 అంగుళాల వెడల్పు, 11 అడుగుల 3 అంగుళాల పొడవు. చూశారా, మన బ్రూస్‌పేట వంటింటి కొలతే! అట్లాంటివి దాదాపు 10,000 కట్టారు. పప్పుల్లాంటి సరుకులకు మూతి ఉన్న అల్యూమినియం డబ్బాలు, కూర్చుని కూరగాయలు తరుక్కోవడానికి కిటికీ దగ్గర బల్ల, తిరిగే స్టూలు, గోడకు మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల, అన్నీ అందులోనే. తరువాతి కాలంలో దానిమీద ఒక విమర్శ కూడా వచ్చింది: అందులో ఒక్క మనిషే పట్టుతుంది, ఆ మనిషి ఒంటరిగా పనిచేస్తుంది అని. ఆ విమర్శలో నిజం ఉంది. దాని సంగతి చివర చూద్దాం.

సందు వంటింట్లో మొదటి లెక్క దారిది. ఒక మనిషి వంగి, తిరిగి, అలమరా తలుపు తీసి పని చేసుకోవాలంటే కనీసం 3 అడుగుల దారి కావాలి. ఇద్దరు ఒకరినొకరు తాకకుండా దాటాలంటే మూడున్నర నుంచి 4 అడుగులు. వంటిల్లు 6 అడుగులు. దారికి 3 పోగా మిగిలేది 3. ఇక్కడే మేస్త్రులు ఒక పొరపాటు చేస్తారు. రెండు పక్కలా సమంగా ఉండాలని చెరి 18 అంగుళాల గట్టు వేస్తారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ 18 అంగుళాల గట్టు మీద రెండు పొయ్యిల స్టవ్వు పెడితే ముందు చెయ్యి ఆనించే చోటుండదు, సింకు అసలు సరిగా కూర్చోదు. అట్లా కాకుండా ఒక పక్క 24 అంగుళాల గట్టు, ఎదురు పక్క 12 అంగుళాల అరలు పెట్టుకోవాలి. పని అంతా ఒక పక్క, సామాను అంతా ఒక పక్క. 12 అంగుళాల అరలో డబ్బాలు ఒకే వరుసలో నిలబడతాయి, వెనకాల ఏం దాగిందో వెతుక్కునే పని లేదు.

గట్టు అన్నాను కదా, బళ్ళారి వాళ్ళకు ఒక మాట. కన్నడ మేస్త్రితో మాట్లాడేటప్పుడు అతను 'కట్టె' అంటే గట్టు అని అర్థం. మన తెలుగులో కట్టె అంటే పొయ్యిలో పెట్టేది. కట్టె ఎక్కడ పెట్టాలని అతను అడిగితే, గ్యాసు వచ్చాక కట్టెలెందుకయ్యా అన్న పెద్దావిడను నేనెరుగుదును.

ఇప్పుడు ఏది పక్కన ఏది ఉండాలి? పొయ్యి ఒక పక్క, సింకు ఎదురు పక్క పెట్టమని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. దేశాలు వేరు, వంటలు వేరు. మనం గంజి వారుస్తాం, పప్పు ఉడికిన నీళ్ళు కట్టుకు తీస్తాం. కాగుతున్న గిన్నె చేతపట్టుకుని దారి మీదుగా వెనక్కి తిరగాలి. అదే క్షణంలో పెరట్లోంచి పిల్లవాడు పరుగెత్తుకుని వస్తాడు. రెండు వాకిళ్ళున్న వంటింట్లో ఇది ఎప్పుడూ ఉండే ప్రమాదం. అందుకని పొయ్యి, తరిగే చోటు, సింకు మూడూ ఒకే పక్క ఉండడం మేలు. గిన్నెను గట్టు మీదే జరిపి సింకు దాకా తేవచ్చు.

12 అడుగుల గోడకు లెక్క వేద్దాం. నడవ వాకిలి దగ్గర ఫ్రిజ్జు, దానికి రెండున్నర నుంచి 3 అడుగులు. చల్లనీళ్ళు కావలసిన వాళ్ళు వంటింట్లోకి రాకుండానే తలుపు తీసి తీసుకుపోతారు. ఆ తరువాత సింకు, 2 అడుగులు. ఆ పక్కన తరిగే చోటు, 3 అడుగులు. ఇది అన్నిటికంటే విలువైన చోటు, దీన్ని మిక్సీకీ నీళ్ళ ఫిల్టరుకూ ఇచ్చేయకండి. తరువాత పొయ్యికి రెండున్నర అడుగులు, చివర దించిన గిన్నె పెట్టడానికి ఒకటిన్నర అడుగు. మొత్తం 12. పెరటి వాకిలి పొయ్యికి మరీ దగ్గరైతే గాలికి మంట ఆరిపోతుంది. అక్కడ ఒక చిన్న అడ్డుబండ నిలబెట్టాలి. సింకు నీళ్ళు పెరట్లోకే పోవాలి కాబట్టి సింకు పెరటి వైపు, పొయ్యి నడవ వైపు పెట్టమని కొందరంటారు. అట్లా కూడా చేయవచ్చు, వరుస మాత్రం మారకూడదు. ముందు కడగడం, తరువాత తరగడం, తరువాత ఉడికించడం. సింకు గొట్టం పొడుగ్గా పోవలసి వస్తే 2 అంగుళాల గొట్టానికి ప్రతి 4 అడుగులకు కనీసం ఒక అంగుళం వాలు ఉండేటట్లు చూడండి. సింకు కింద నీళ్ళు నిలిచే వంపు కూడా ఉండాలి. అది లేకపోతే మోరీ వాసనా, బొద్దింకలూ నేరుగా వంటింట్లోకే వస్తాయి.

ఎత్తు సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నడుము నొప్పికీ భుజం నొప్పికీ మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. మేస్త్రి చేతిలో ఒక అలవాటు కొలత ఉంటుంది, 34 అంగుళాలో 36 అంగుళాలో. ఎవరింటికైనా అదే. ఐదడుగుల మనిషికీ అదే, ఐదున్నర అడుగుల మనిషికీ అదే. కొలవవలసింది గోడను కాదు, మనిషిని. చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులోంచి 4, 5 అంగుళాలు తగ్గించండి. అది తరిగే గట్టు ఎత్తు. ఐదడుగుల మనిషికి మోచెయ్యి సుమారు 38 అంగుళాల దగ్గర ఉంటుంది, కాబట్టి గట్టు 33 అంగుళాలు.

పొయ్యికి ఈ లెక్క చాలదు. స్టవ్వు ఎత్తే ఐదారు అంగుళాలు, దాని మీద కుక్కరో అన్నం గిన్నెనో మరో 8 అంగుళాలు. 33 అంగుళాల గట్టు మీద ఇవన్నీ ఎక్కిస్తే గిన్నె మూతి భుజం దగ్గరికి వస్తుంది. లోపల ఏం ఉడుకుతోందో మునివేళ్ళ మీద లేచి చూడాలి. అందులోనూ మన వైపు వంట సంగతి వేరు. రాగిసంగటి గెలకాలంటే గిన్నె మన నడుము కింద ఉండాలి, పైనుంచి బరువు వేసి తిప్పాలి. జొన్నరొట్టె తట్టాలంటే చెయ్యి కిందికి పడాలి. ఎత్తు గట్టు మీద రొట్టె తట్టిన వాళ్ళకు సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. అందుకని గట్టును రెండు మెట్లుగా వేయించుకోండి. సింకు, తరిగే చోటు 33 అంగుళాలు. పొయ్యి, పక్కన దించే చోటు 29 అంగుళాలు. ఆ దించే చోటే రొట్టె తట్టే చోటు కూడా అవుతుంది. రొట్టెలు రోజూ చేసేవాళ్ళు ఆ చోటును ఒకటిన్నర అడుగుకు బదులు 2 అడుగులు చేసుకుని, ఫ్రిజ్జు దగ్గర ఆ అర అడుగు తగ్గించుకోవచ్చు. గట్టు ఒకే మట్టంగా లేదని మేస్త్రి ముఖం చిట్లిస్తాడు. బండ రెండుగా కోయాలి, పని పెరుగుతుంది. చిట్లించనివ్వండి. అతను ఒకరోజు పని చేసి పోతాడు, మీరు పాతికేళ్ళు అక్కడ నిలబడాలి.

ఇంకొకటి, గట్టు కింద కాలివేళ్ళకు చోటు. కింది అరను నేల దాకా ముందుకు కట్టేస్తే కాళ్ళు వెనకే ఆగిపోతాయి, నడుము ముందుకు వంగుతుంది. నేల దగ్గర 4 అంగుళాల ఎత్తున, 3 అంగుళాలు లోపలికి ఖాళీ వదలండి. ఖర్చు లేని పని, సుఖం మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

ఈ కొలతలన్నీ సరిపోతాయా లేదా అన్నది కట్టకముందే తెలుసుకునే ఉపాయం ఒకటుంది. మా బడిలో చాక్‌పీసులకు కొదవలేదు కాబట్టి నాకు తోచిందనుకోండి. ఇప్పుడున్న వంటింటి నేల మీదో, మిద్దె మీదో అసలు కొలతలతో గీతలు గీయండి. గట్టు ఇక్కడ, పొయ్యి ఇక్కడ, సింకు ఇక్కడ, ఫ్రిజ్జు తలుపు తీస్తే ఇక్కడిదాకా వస్తుంది అని. చన్నీళ్ళు నింపిన గిన్నె పట్టుకుని ఆ గీతల మధ్య తిరిగి చూడండి. ఇంట్లో ఇంకొకరిని పెరట్లోకి పోయి రమ్మనండి. ఇటుకలు పేర్చి, వాటి మీద పలక వేసి, ఎత్తు మార్చి మార్చి ఒక వంకాయ తరిగి చూడండి. ఒక అరగంట చాలు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇట్లా చూస్తే ఫ్రిజ్జు తలుపు తెరిచినప్పుడల్లా నడవ వాకిలి మూసుకుపోతోందని తెలిసింది. తలుపు తెరుచుకునే వైపు ముందుగా మార్పించుకున్నారు.

గట్టుకు ఏ రాయి? మన వైపు నల్లని కడప బండ అలవాటు, ధరా తక్కువే. కానీ కడప బండ, షాబాదు బండ రెండూ సున్నపురాయి జాతివి. సున్నపురాయికి పులుపు పడదు. ఇది హైస్కూలు పిల్లలు ప్రయోగశాలలో చూసే సంగతే, ఆమ్లం పడితే సున్నపురాయి పొంగుతుంది. నిమ్మకాయ పిండినా, చింతపండు రసం ఒలికినా కడప బండ మీద తెల్లటి మచ్చ పడేది ఇందుకే. అది మురికి కాదు, ఎంత తోమినా పోదు, రాయే తినేసుకుంది. గ్రానైటుకు ఈ బాధ లేదు. మనకు ఇలకల్ ఎర్రరాయి దగ్గరే. కాబట్టి పైన పరిచేది గ్రానైటు, కింద అరలకు, నిలువు అడ్డుబండలకు కడప బండ, ఈ పంపకం బాగుంటుంది. గ్రానైటులో కూడా మరీ నల్లరాయి వద్దంటాను. వెలుతురు లేని గదిలో నల్లగట్టు మీద చీమలు కనబడవు, ఒలికిన నూనె కనబడదు.

అరలకు ఇప్పుడు ప్లైవుడ్డు పెట్టెలు తెచ్చి బిగించడం వాడుకైంది. కొత్త అపార్టుమెంటుకు సరే. పాత మట్టి గోడకు ఆనించి ప్లైవుడ్డు పెట్టడమంటే చెదపురుగుకు విస్తరి వేసినట్టే. పెట్టక తప్పదనుకుంటే నీటికి తట్టుకునే రకం, ఐ.ఎస్. 710 గుర్తు ఉన్నది అడిగి తీసుకోండి. గోడకూ దానికీ మధ్య వేలెడు సందు వదలండి. నన్నడిగితే కడప బండ అరలు, వాటికి అల్యూమినియం చట్రంతో తలుపులు చాలు. అసలు పాత గూళ్ళు ఉంటే వాటిని పూడ్చకండి. లోపల తెల్ల పలకలు అంటించి, అద్దపు తలుపు పెడితే అంతకంటే మంచి అలమరా లేదు. కొత్త గూళ్ళు తొలిచే పని మాత్రం ఇంజనీరు చూడకుండా చేయకూడదు. రాతి గోడ లోపల మట్టితో కట్టింది. ఒక రాయి కదిలిస్తే పక్క రాయి ఎక్కడ ఆనుకుని ఉందో మనకు తెలియదు. అదే కారణంగా నీళ్ళ గొట్టాలు మట్టి గోడలో పూడ్చకండి, పైకి కనిపించేటట్లే పోనివ్వండి. గోడ లోపల కారే గొట్టం కరిగించేది గోడనే.

ఇక వెలుతురు, గాలి. మొదట చెప్పిన గవాచిని మళ్ళీ తెచ్చుకుందాం. స్లాబు వేసేటప్పుడే పొయ్యికి కొంచెం పక్కగా 2 అడుగుల చదరం కన్నం వదలమనండి. ఎక్కడ వదలాలో, చుట్టూ కమ్మీ ఎట్లా కట్టాలో ఇంజనీరు చెబుతాడు. కన్నం చుట్టూ మిద్దె మీద 9 అంగుళాల గోడ లేపాలి, వాన నీళ్ళు లోపలికి రాకుండా. ఆ గోడ మీద నాలుగు మూలలా 6 అంగుళాల కాళ్ళు, వాటి మీద గట్టి అద్దం. పగిలినా పెద్ద ముక్కలుగా విరిగి పడని రకం అద్దం అడగండి. అద్దం గోడకంటే అన్ని వైపులా అరడుగు బయటికి రావాలి, చూరు మాదిరి. కాళ్ళ మధ్య ఖాళీకి సన్నటి జల్లెడ. వేడిగాలి జల్లెడలోంచి పోతుంది, వాన రాదు, ఎలుక రాదు. వానొచ్చినప్పుడల్లా మిద్దెక్కి మూసే పని కూడా తప్పింది. ఎండ మరీ నేరుగా పడుతుందనుకుంటే అద్దానికి దక్షిణం వైపు పూలకుండీలు ఎత్తుగా పెట్టుకోవచ్చు, లేదా మసక అద్దం వేసుకోవచ్చు. స్లాబు ఇదివరకే వేసేసిన వాళ్ళు కోయించాలనుకుంటే మేస్త్రి మాట మీద కోయకండి. కమ్మీలు తెగితే స్లాబు బలం పోతుంది.

గవాచికి వీల్లేని చోట ఎగ్జాస్టు ఫ్యాను పెరటి గోడలో, పొయ్యి వైపున, పైకప్పుకు దగ్గరగా పెట్టండి. ఫ్యాను గాలిని బయటికి లాగాలంటే ఎక్కడినుంచో లోపలికి గాలి రావాలి. నడవ తలుపు బిగించేసి ఫ్యాను తిప్పితే అది ఊరికే అరుస్తుంది. తలుపు కింద రెండంగుళాలు వదిలినా చాలు. పొయ్యికి నెత్తిన చిమ్నీ బిగించే వాళ్ళు దాని గొట్టం బయటికి పోతోందో లేదో చూసుకోండి. బయటికి పోని చిమ్నీ నూనెను కొంత పట్టుకుంటుంది, వేడిని మాత్రం మనకే తిరిగి ఇస్తుంది.

లైటు నడిమధ్య పైకప్పుకు బిగిస్తే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ కత్తి మీదే పడుతుంది. లైటు మన వెనక కాదు, ముందు ఉండాలి. గట్టుకు పైన ఉన్న అర అంచు కింద సన్నని ఎల్.ఇ.డి. గొట్టం ఒకటి బిగిస్తే వెలుగు సరిగ్గా చేతుల మీద పడుతుంది.

గ్యాసు గురించి వెంటనే చెప్పవలసినవి నాలుగు. వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేల మీదే పాకుతుంది. కాబట్టి సిలిండరు ఉన్న అరకు కింద వైపు గాలి పోయే కన్నాలు ఉండాలి. పొయ్యి ఎప్పుడూ సిలిండరుకంటే ఎత్తులో ఉండాలి. సిలిండరును పొయ్యికి సరిగ్గా కింద కాక, పక్క 33 అంగుళాల గట్టు కింద నిలబెట్టండి. రబ్బరు గొట్టం ఒకటిన్నర మీటరు మించకూడదు, ఐదేళ్ళకొకసారి మార్చాలి. వాసన వస్తే స్విచ్చి వేయకుండా, తీయకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి. ఇక కరెంటు. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లదైతే 8, 9 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల ప్లగ్గు వేరే తీగతో కావాలి, ఎర్తు ఉండాలి. సింకుకు రెండు మూడడుగుల లోపల ఏ ప్లగ్గూ వద్దు.

వాస్తు సంగతి అడగకుండా ఏ ఇల్లూ మొదలుకాదు. ఆగ్నేయం, తూర్పు ముఖం అని పట్టింపు ఉన్న వాళ్ళు మొదటి రోజే మేస్త్రికి చెప్పేస్తే, పైన చెప్పిన వరుసను అటునుంచి ఇటు తిప్పుకుని సర్దుకోవచ్చు. సగం పని అయ్యాక ఎవరో చుట్టం వచ్చి చెప్పే వాస్తు ఉంటుంది చూడండి, సిమెంటు వృథా అయ్యేది అందులోనే.

ఇందాక ఒక మాట వాయిదా వేశాను. ఈ రకం వంటింట్లో ఒక్క మనిషే పట్టుతుంది అన్నది. మన ఇళ్ళలో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది. పాత వంటింట్లో అవ్వ నేల మీద కూర్చుని కత్తిపీట ముందు కూరగాయలు తరిగేది, బియ్యంలో రాళ్ళు ఏరేది, చారులో ఉప్పు తక్కువైందని వాసన చూసి చెప్పేది. అంతా గట్టెక్కాక ఆమెకు అక్కడ చోటు లేదు. నేలంతా దారి అయిపోయింది. కూర్చుంటే కాళ్ళకు అడ్డం. మోకాళ్ళ నొప్పితో నిలబడలేదు. కొత్త వంటిల్లు చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా బాగుందంటారు, ఆమె మాత్రం నడవలో టీవీ ముందుకు చేరుతుంది. నిన్నటిదాకా ఆ ఇంటి వంట ఆమె చేతిలో ఉండేది. ఎవరూ పొమ్మనలేదు, గట్టు కొలతే పొమ్మంది.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. సామాను అరల వైపు, నడవ వాకిలి పక్కన 2 అడుగుల పొడవున అరలు ఆపేయండి. అక్కడ 26 అంగుళాల ఎత్తులో, కావలసినప్పుడు లాగి వాలిన తరువాత లోపలికి తోసేసే పలక ఒకటి పెట్టించండి. పక్కన వీపు ఆనుకునే చిన్న కుర్చీ. కుర్చీ వాకిలి పక్కకే ఉంటుంది కాబట్టి దారికి అడ్డం రాదు. తరిగేవి అక్కడికే చేరతాయి, మాటలూ అక్కడినుంచే సాగుతాయి. బడి నుంచి వచ్చిన పిల్లలు హోంవర్కు రాసుకునేది కూడా ఆ పలక మీదే అవుతుంది, చూస్తూ ఉండండి.

గోడ మొత్తం కొట్టేసి వంటింటిని నడవలో కలపడం ఇప్పటి పద్ధతి. పాత రాతి ఇంట్లో దూలాలు ఏ గోడ మీద దిగాయో చూడకుండా ఆ ఆలోచనే చేయకూడదు. దూలం మోయని గోడ అయితే, ఇంజనీరును అడిగి, పైన బండ దూలం వేసి, 2 అడుగుల కిటికీ ఒకటి తెరిపించుకోవచ్చు. అన్నం గిన్నె అందులోంచే నడవలోకి పోతుంది. ఎంగిలి కంచాలు అందులోంచే తిరిగి వస్తే ఇంకా మంచిది. ఎవరు తిన్న కంచం వాళ్ళు ఆ కిటికీ దాకా తెచ్చే అలవాటు ఆ కిటికీతోనే మొదలుపెట్టించండి.

ఈ పనంతా పదిహేను ఇరవై రోజులు పడుతుంది. అన్నాళ్ళూ వంట వరండాలో చేస్తారు కదా, తాత్కాలికమే అని స్టవ్వును నేల మీద పెట్టకండి. గట్టి బల్ల ఒకటి చూసి దాని మీద పెట్టండి, సిలిండరు కింద పక్కన ఉంచండి. గ్రానైటు అతికించిన సిమెంటు ఆరేదాకా ఆ గట్టు మీద బరువులు ఎక్కించకుండా మేస్త్రిని ఎన్ని రోజులో అడిగి, ఆ తేదీ క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. పాలు పొంగించేది ఆ తరువాతే.